గిరిప్రదక్షిణమునకు వెళ్లువారికి

మలికిపురము చుట్టుప్రక్కల కొండ కానరాదు. అందుచేత సింహాచల గిరిప్రదక్షిణమునకు బయలుదేరు కోనసీమవారికి మేమొక మాట విన్నవింతుము. ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు తొలిపావంచావద్ద కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక మీదుగా విశాఖ సాగరతీరమును తాకి, కొండను చుట్టి మరల అచ్చటికే చేరు ఈ నడక సుమారు 32 కిలోమీటర్లు. కొండ ఎక్కుట కాదుగదా యని తేలికగా తలంపరాదు. తారురోడ్డుపై వట్టికాళ్లతో తొలి గంట వడిగా నడచినచో అరికాళ్లు పొక్కును. చెమటతో నీరేగాక ఉప్పును పోవును; కావున ఉప్పు వేసిన మజ్జిగ మేలు. జనసమ్మర్దమున జట్టు చెదరుట సులభము. అందరికన్న మెల్లగా నడచు పెద్దవారిని ముందుంచి, తక్కినవారు వారి అడుగుననుసరింపవలెను. ముందుగా చేరినందున విశేషపుణ్యమేమియు లేదు; ఇంటినుండి కలిసి వెడలినవారందరును క్షేమముగా కలిసి తిరిగివచ్చుట ముఖ్యము.