ఖాళీ సీసా, ఊక బూడిద, టైల్స్ కొలిమి

యానాం అనగానే గోదావరి జిల్లాలవాళ్ళకు రెండు గుర్తొస్తాయి. ఒకటి చవక మందు. రెండోది రీజెన్సీ టైల్స్. మొదటిది ఇప్పటికీ నడుస్తోంది. రెండోది 2012 జనవరి 27 దాకా ఆ ఊళ్ళో ఎన్నో కుటుంబాలకు కూడు పెట్టింది. ఆ రోజు ఒక కార్మిక నాయకుడు చనిపోవడం, దాని వెంట చెలరేగిన గొడవలో కంపెనీ ఉన్నతాధికారి ఒకరు హతమవడం, ఫ్యాక్టరీ ధ్వంసమవడం జరిగాయి. తలుపులు మూతపడ్డాయి, ఏళ్ళ తరబడి తెరుచుకోలేదు.

వ్యర్థాలతో టైల్స్ చేయడం గురించి చెబుతానని ఈ కథ ఎత్తుకున్నందుకు కారణం ఉంది. 30 చదరపు కిలోమీటర్ల యానాంలో టైల్స్‌కు పనికొచ్చే మట్టి గనులేవీ లేవు. టైల్స్‌కు కావలసిన జిగురుమట్టి ద్వారకా తిరుమల వైపు దొరుకుతుంది, ఫెల్డ్‌స్పార్ అనే రాయి గూడూరు వైపు దొరుకుతుంది. మరి టైల్స్ కొలిమి యానాంలో ఎందుకు వెలిగింది? కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాస్ చేరువలో ఉంది కాబట్టి. మట్టిని లారీలో తెచ్చుకోవచ్చు, మంట లేకపోతే మాత్రం టైల్ లేదు. గుజరాత్‌లోని టైల్స్ ఊరు మోర్బీదీ ఇదే కథ. అక్కడ బొగ్గును గ్యాస్‌గా మార్చి కాల్చుకునే పద్ధతిని 2019లో హరిత ట్రిబ్యునల్ ఆపేస్తే, ఊరి ఫ్యాక్టరీలన్నీ సహజవాయువు వైపు తిరగవలసి వచ్చింది.

అందుకే ఎవరైనా ‘వ్యర్థాలతో పచ్చని టైల్’ అంటే నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: దీనివల్ల మంట తగ్గిందా?

టైల్ పిండిలో ముఖ్యంగా మూడు సరుకులుంటాయి. వేరుశనగ చిక్కీని గుర్తు తెచ్చుకోండి. పప్పుల్లాగా లోపల గట్టిగా నిలబడేది క్వార్ట్జ్, అంటే పలుగురాయి పొడి. బెల్లం పాకంలాగా కరిగి అన్నిటినీ అతికించేది ఫెల్డ్‌స్పార్. కాల్చకముందు అచ్చులో ముద్ద విడిపోకుండా పట్టి ఉంచేది మట్టి. ఈ మూడింటినీ నీళ్ళతో కలిపి బాల్ మిల్లులో గంటల తరబడి రుబ్బుతారు. ఆ చిక్కటి ద్రవాన్ని వేడిగాలిలోకి చిమ్మి ఆరబెడితే సన్నరవ్వలాంటి పొడి వస్తుంది. దాన్ని ప్రెస్‌లో అదిమి పలక చేసి, ఆరబెట్టి, గ్లేజు పూసి, రోలర్ల మీద దొర్లించుకుంటూ కొలిమిలోంచి పంపుతారు. లోపల వేడి 1100 నుంచి 1200 డిగ్రీలు. ఇటు పచ్చి పలక దూరితే సుమారు గంటలో అటు టైల్ బయటికొస్తుంది. మొత్తం వేడిలో దాదాపు సగం కొలిమికి, మూడో వంతు దాకా ఆ పొడి ఆరబెట్టే యంత్రానికి పోతాయి.

ఇప్పుడు వ్యర్థాలను ఒక్కొక్కటిగా చూద్దాం. ప్రతిదాన్నీ అడగాలి: నువ్వు ఎవరి పని చేస్తావు? పప్పు పనా, పాకం పనా?

గోదావరి జిల్లాల్లో ముందుగా గుర్తొచ్చేది ఊక. వెయ్యి కిలోల ధాన్యం ఆడితే సుమారు 200 కిలోల ఊక, ఆ ఊకను బాయిలర్‌లో కాలిస్తే 40 కిలోల బూడిద. రైస్ మిల్లు పక్కన మేడ ఉన్నవాళ్ళు ఆరేసిన బట్టల మీద నల్లటి నుసిని రోజూ చూస్తూనే ఉంటారు. ఆ బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికా, అంటే పలుగురాయిలో ఉన్న పదార్థమే. కాబట్టి ఇది పప్పు పని చేస్తుంది. అయితే తిరకాసు ఊకను ఎంత వేడిలో కాల్చారన్న దగ్గరుంది. సన్నమంట మీద కాలిన బూడిదలో సిలికా గాజులాగా క్రమం లేకుండా ఉంటుంది, తేలిగ్గా కరుగుతుంది. బాయిలర్ మంట హెచ్చితే అది స్ఫటికాలుగా గట్టిపడుతుంది. వాటిలో క్రిస్టోబలైట్ అనే రకం, టైల్ చల్లారే దారిలో 200 డిగ్రీలకు కాస్త పైన ఒక్కసారిగా కుంచించుకుంటుంది. పలుగురాయికీ 573 డిగ్రీల దగ్గర ఇలాంటి గెంతు ఉంది, దాన్ని కొలిమి నడిపేవాళ్ళు ఎరుగుదురు. రెండు గెంతులు ఒకే పలకలో కలిస్తే చీలికే. మన ఇటుకల ఆవాల్లో మాత్రం ఈ బాధ లేదు. అక్కడ మట్టిలో ఊక కలుపుతారు, ఊకతోనే కాలుస్తారు. లోపలి ఊక కాలి వదిలిన సందులు ఇటుకను తేలిక చేస్తాయి. టైల్‌లో అవే సందులు లోపం.

థర్మల్ స్టేషన్ల ఫ్లై యాష్ గురించి ఎక్కువ చెప్పను. దాని గుణం మట్టికి దగ్గరే, జిగట మాత్రం లేదు. కాలకుండా మిగిలిన బొగ్గు అందులో ఉంటుంది. గంటలో ముగిసే మంటలో ఆ బొగ్గు బయటపడే లోపే పైపొర మూసుకుంటే, టైల్ నడుమ నల్లటి చార పడుతుంది. సిమెంటు, ఇటుకలు దాన్ని ఎలాగూ తీసుకుంటున్నాయి. టైల్ దానికోసం పోటీపడనక్కర్లేదు.

గ్రానైట్ కోతల బురదను నమ్మేముందు అది ఏ ఊరి బురదో అడగాలి. కరీంనగర్ గోధుమరంగు రాయిలో ఫెల్డ్‌స్పార్ దండిగా ఉంటుంది, అది పాకానికి పనికొస్తుంది. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ భూగర్భ శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి. ఇనుము ఎక్కువ, కావలసిన పొటాషియం తక్కువ. తెల్ల టైల్‌లో వేస్తే మరకలే.

ఇక సీసా. యానాంలో పన్ను తక్కువ కాబట్టి మందు చవక, కాబట్టి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం వస్తారు, కాబట్టి ఖాళీ సీసాలకు కొదవ లేదు. మామూలు సీసాగాజులో సోడియం ఉంటుంది, అందుకే 700 డిగ్రీల దగ్గరే మెత్తబడడం మొదలెడుతుంది. అంటే ఇది ఫెల్డ్‌స్పార్ కంటే ముందే కరిగే పాకం. గాజుపొడి కొద్ది శాతం కలిపితే కొలిమి వేడిని కొంత తగ్గించవచ్చు. నా ప్రశ్నకు సూటిగా జవాబిచ్చే వ్యర్థం ఇదొక్కటే. కానీ పాకం ముదిరితే చిక్కీ పాడైనట్టే, గాజు ఎక్కువైతే పలక వంగిపోతుంది. ఎందుకంటే ఈ గాజు కరగడం మొదలయ్యాక త్వరత్వరగా పలచబడుతుంది, కొలిమిలో పది డిగ్రీల తేడాను కూడా ఓర్చదు. ఇంకో చిక్కు: నీళ్ళలో రుబ్బేటప్పుడు సోడా కరిగి దిగితే, ద్రవం గడ్డకట్టి పైపులో కదలదు. ఇన్ని చెప్పాక ఒక మాట. పగలని సీసాను కడిగి మళ్ళీ నింపడం, రుబ్బడం కంటే మేలు. పాత సామాన్లవాడికి ఇది తెలుసు. టైల్ కొలిమికి మిగలవలసింది పగిలినవీ, రంగువీ.

పగిలిన టైల్స్ మాటేమిటి? కాల్చకముందు విరిగిన పచ్చి పలకను ఫ్యాక్టరీలు మళ్ళీ బాల్ మిల్లులోకి వేస్తాయి, అది ఎప్పటి నుంచో ఉన్న అలవాటే. ఇక్కడే కొనేవాళ్ళు జాగ్రత్తపడాలి. ఒకే ప్రక్రియలోంచి వచ్చి అందులోకే తిరిగి వెళ్ళే తుక్కును ‘రీసైకిల్డ్’ లెక్కలో వేయరాదని ఐఎస్‌ఓ 14021 ప్రమాణం చెబుతుంది. పెట్టె మీద శాతం కనబడితే, అందులో బయటి తుక్కు ఎంతో అడగండి. కాలిన టైల్‌ను పొడి చేయడం వేరే సంగతి, రాయిని పిండి చేసినంత కష్టం. అయినా అమెరికాలో టెనెసీ రాష్ట్రపు క్రాస్‌విల్ కంపెనీ, టోటో కంపెనీ పక్కనపెట్టిన లోపమున్న టాయిలెట్లను నూరి ఫ్లోర్ టైల్స్‌లో కలిపింది. పాలిష్ చేసిన టైల్స్ బురదలో ఇంకో చమత్కారం ఉంది: అందులోని సిలికాన్ కార్బైడ్ ముక్కలు కొలిమిలో గ్యాస్ వదిలి, పలకను పూరీలా పొంగిస్తాయి. ఫ్లోర్ టైల్‌కు అది శాపం. తేలికైన ఇన్సులేషన్ పలక చేసేవాళ్ళకు అదే వరం.

చివరికి ఏ టైల్ అయినా ఐఎస్ 15622 పరీక్ష నెగ్గాలి. నీరు చాలా తక్కువ పీలిస్తే ఒక తరగతి, పది శాతం దాటితే గోడకు పనికొచ్చే తరగతి. లోపల బూడిదుందా, సీసా ఉందా అన్నది ఆ పరీక్షకు పట్టదు.

కొలిమి అక్కర్లేని దారి కూడా ఒకటుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, ఎండను తిప్పికొట్టే తెల్ల టైల్స్ కూడా అందులో ఒక పద్ధతి. దానికి కొత్త టైల్స్ కొనాలని లేదు. షాపులో మిగిలిన, దింపేటప్పుడు విరిగిన తెల్ల ముక్కలను మేస్త్రీ మేడమీద సిమెంటులో ఒకదాని పక్కన ఒకటి అద్దుకుంటూ పోతే సరి. ముక్క అంచు గీసుకోకుండా చేతికి గుడ్డ చుట్టుకుంటాడు, అంతే.