మీకు తెలుసా? మట్టిని కూడా కడుగుతారు!

2012 ఒలింపిక్స్ కోసం తూర్పు లండన్‌లో దాదాపు 20 లక్షల టన్నుల మట్టిని శుభ్రం చేశారు; అందులో సుమారు 80 శాతాన్ని మళ్లీ అక్కడే వాడారు. వందేళ్లకు పైగా ఫ్యాక్టరీలు నడిచిన ఆ నేలలో తారు, చమురు, సీసం, ఆర్సెనిక్ పేరుకుపోయాయి. అందుకని మట్టిని కడిగే యంత్రాలను ఆ స్థలంలోనే బిగించారు. విషం ఎక్కువగా అంటిపెట్టుకునేది సన్నటి ఒండ్రుకీ, బంకమట్టికీ. గట్టిగా కడిగి, జల్లించి వాటిని వేరుచేస్తే ఇసుక, గులకరాళ్లు పనికొచ్చేలా మిగులుతాయి. పారేయాల్సింది నీళ్లు పిండేయగా మిగిలిన బురద ముద్దనే.

ఇంత శ్రమ ఎందుకు, అంతా తవ్వి దూరంగా పోస్తే సరిపోదా అని అడగవచ్చు. సరిపోదు. అలా పోస్తే విషం పోదు, ఇంకో ఊరివాళ్ల నెత్తిన పడుతుంది. లారీల పొగ, కొత్త మట్టి కోసం మరోచోట తవ్వే గుంతలు అదనం. ఇంతకంటే బలమైన అభ్యంతరం వేరే ఉంది: బాగుపడిన నేల చివరికి ఎవరికి దక్కింది? మట్టి నాణ్యతతో సమానంగా దీన్నీ కొలవాలి. 2014 నాటికి ఆ స్థలంలోని ఒలింపిక్ పార్కు పూర్తిగా ప్రజలకు తెరుచుకుంది, క్రీడాకారులు బస చేసిన ఇళ్లలో దాదాపు సగం అందుబాటు ధరల విభాగంలోకి వెళ్లాయి. ఇది నిజమైన మేలే. కానీ ఇదే ఒలింపిక్స్ పథకం కోసం అక్కడి క్లేస్ లేన్‌లోని సహకార గృహ సముదాయాన్ని 2007లో ఖాళీ చేయించి కూల్చేశారు.