మీకు తెలుసా? యాంటీవైరస్ అప్‌డేట్‌కి తప్పు తేదీ అడ్డు

యాంటీవైరస్ అప్‌డేట్ పదేపదే ఫెయిలవుతుంటే దాన్ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసే ముందు, స్క్రీన్ కింద కుడి మూలన ఉన్న తేదీ చూడండి. అప్‌డేట్ పంపే సర్వర్ తన గుర్తింపుగా చూపే డిజిటల్ సర్టిఫికెట్‌కు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి; కంప్యూటర్ వాటిని తన గడియారంతో పోల్చి చూస్తుంది. పాత డెస్క్‌టాప్ మదర్‌బోర్డు మీద దాదాపు రూపాయి బిళ్లంత సైజులో, ఈ గడియారాన్ని నడిపే 3 వోల్టుల సీఆర్2032 బ్యాటరీ ఉంటుంది. అది అయిపోయిందంటే, ప్లగ్ తీసిన ప్రతిసారీ గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు అసలైన సర్టిఫికెట్ కూడా ఇంకా అమల్లోకి రానిదిగా కనిపిస్తుంది, కనెక్షన్ ఆగిపోతుంది. విండోస్ ఇంటర్నెట్ నుంచి టైమ్ తనే దిద్దుకుంటుంది కదా అంటారు. నిజమే, కానీ ఇంటి కంప్యూటర్‌లో మామూలు సెట్టింగులతో తేడా 15 గంటలు దాటితే దిద్దదు. తేదీ మనమే పెట్టాలి, బ్యాటరీ మార్చాలి. తేదీ సరిగ్గానే ఉంటే, అప్పుడు డిస్క్‌లో ఖాళీ ఉందో లేదో, రెండో యాంటీవైరస్ అడ్డుపడుతోందేమో చూడండి.