కాల్చిన ఇత్తడి తూటా గొట్టములు: పరీక్షయు శుద్ధియు

తుపాకి కాల్చిన పిమ్మట మందు మండిపోవును, గుండు వెడలిపోవును, అడుగునగల టోపీ చితుకును; ఇత్తడి గొట్టము మాత్రము మిగులును. తూటా వెలలో హెచ్చుభాగము దీనిదే. కావున అమెరికాలో వేటకాండ్రును సేద్యగాండ్రును దీనిని పారవేయక, ఇంటనే బాగుచేసి మరల నింపుకొనుట చిరకాలపు వాడుక. మన దేశమున 1959 సంవత్సరపు ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక తూటాలు తయారుచేయరాదు. ఇచట చెప్పునది అచటి పద్ధతియే. అయినను లైసెన్సుపై తుపాకి నుంచుకొన్న రైతునకు ఈ లోహపు స్వభావము తెలిసియుండుట మేలు.

గొట్టపు ఇత్తడిలో నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగము. పేలినప్పుడది ఉబ్బి తుపాకి గది గోడల నంటుకొని, వాయువు వెనుకకు రాకుండ నాపును. పిదప కొంచెము ముడుగును. ఇట్లు పలుమారులు జరిగినకొలది ఇత్తడి గట్టిపడి పెళుసగును. కావున మొదటి పని కడుగుట గాదు, ఏరుట. మూతికడ చీలినవి కంటికే తెలియును. అడుగునకు కొంచెము పైగా చుట్టును మెరయు సన్నని గీత యున్నచో మిక్కిలి జాగ్రత్త వహింపవలయును. కొన వంచిన తీగను లోపలికి పోనిచ్చి గీచి చూచిన, అచట పల్లము తగులును. అట్టి గొట్టము మరల కాల్చినప్పుడు రెండు తునకలై, వేడి వాయువు కాల్చువాని ముఖముపైకి రావచ్చును. అట్టిది యొకటి కనబడినచో, దానితోపాటు అన్నిమారులు కాలిన తక్కినవానిని గూడ అనుమానింపవలయును.

పూర్వము మన దేశమున బ్రిటిషు సైన్యపు తూటాలు, గుఱ్ఱపుసాలలలో నుంచినవి, వర్షకాలమున తమంతతామే పగులుచుండెను. గుఱ్ఱముల మూత్రమునుండి పుట్టు అమోనియాయే దీనికి కారణమని 1921లో విశదమయ్యెను. పశువుల కొట్టములందును అమోనియా పుట్టును గదా! కావున కొత్త తూటాలైనను కొట్టమున దాచరాదు. అమోనియా కలిసిన మెరుగుమందులతో గొట్టములను తోమరాదు.

ఏరిన పిమ్మట కాలిన టోపీని సూదితో లోపలినుండి త్రోయుదురు. బాక్సరు పద్ధతి గొట్టమునకు అడుగున నడుమ నొక్క రంధ్రముండును. సూది సులువుగా దిగును. బెర్డాను పద్ధతిదానికి ప్రక్కల రెండు చిన్న రంధ్రములుండుటచే సూది విరుగును. బాక్సరు ఆంగ్లేయుడు, బెర్డాను అమెరికావాడు. అయినను అమెరికాలో బాక్సరు పద్ధతియు, ఐరోపాలో బెర్డాను పద్ధతియు వ్యాపించుట వింత.

పిదప గొట్టమునకు పలుచగా జిడ్డు పూసి, ఉక్కు మూసలో నొక్కి పూర్వపు కొలతకు దెత్తురు. జిడ్డు చాలకున్న మూసలో నిఱుకును. ఎక్కువైన భుజము సొట్టపడును. నొక్కినకొలది మెడ పొడుగు సాగును. 1906లో వచ్చిన .30-06 రకపు గొట్టము 2.494 అంగుళములు మించరాదు, సామాన్యముగా 2.484కు కత్తిరింతురు. పొడుగైన మెడ తుపాకి గదిలో గుండును బిగబట్టును. దానిచే ఒత్తిడి అపాయకరముగా పెరుగును. మెత్తబడుటకై మెడను మాత్రమే కాచుదురు. అడుగు భాగమునకు వేడి తగిలినచో ఆ గొట్టము పనికిరాదు.

మెరుగు పెట్టుటకు తిరుగు పీపాలో అక్రోటు పెంకుల పొడినో, మన రైతులు పొయ్యిలో వేయు మొక్కజొన్న బెండ్ల పొడినో వాడుదురు. ఆ ధూళిలో టోపీనుండి వచ్చిన సీసము కలిసియుండును. కావున ఆ పని వంటయింటను, పిల్లలు తిరుగుచోటను చేయరు. ముగించిన వెంటనే సబ్బుతో చేతులు కడుగుకొందురు.