అమెరికా ప్రెసిడెంట్ అభ్యర్థికి చందా: ఎవరు ఇవ్వొచ్చు, ఎంత ఇవ్వొచ్చు?

2024 ఎన్నికలప్పుడు డల్లాస్‌లో ఉండే మా పిన్ని కొడుకు నాకో స్క్రీన్‌షాట్ పంపాడు. ప్రెసిడెంట్ ఎన్నికల ప్రచారానికి 25 డాలర్లు ఇవ్వమని మెసేజ్, కింద లింకు. "అన్నయ్యా, కట్టేయనా?" అన్నాడు. వాడిది హెచ్‌వన్‌బీ వీసా. ఆగరా బాబూ అన్నాను. ఎందుకో చెప్తా, ముందు అక్కడ టికెట్ ఎలా వస్తుందో చూద్దాం.

మన దగ్గర బీఫాం ఎవరికో పార్టీ పెద్దలు తేలుస్తారు. అక్కడ టికెట్ కోసం కూడా జనం దగ్గరికే వెళ్లాలి. ఒక్కో రాష్ట్రంలో ప్రైమరీ గానీ కాకస్ గానీ పెడతారు. ప్రైమరీ మామూలు పోలింగ్ లాంటిదే. కాకస్ అంటే పార్టీ వాళ్లు ఒకచోట చేరి తేల్చుకునే మీటింగ్. వచ్చిన ఓట్లను బట్టి అభ్యర్థికి డెలిగేట్లు వస్తారు. సగానికి మించి డెలిగేట్లు ఎవరి వైపుంటే టికెట్ వాళ్లది. 2024 జులై 21న బైడెన్ తప్పుకున్నాక మళ్లీ ప్రైమరీలు పెట్టలేదు, డెలిగేట్లే ఓటేసి కమలా హారిస్‌ను నిలబెట్టారు.

ఇన్ని రాష్ట్రాలు తిరగడానికి డబ్బు కావాలి కదా. 2024లో ఒక మనిషి ఒక అభ్యర్థికి ప్రైమరీకి 3,300 డాలర్లు, అసలు ఎన్నికకు ఇంకో 3,300 డాలర్లు ఇవ్వొచ్చు, అంతే. ఇచ్చింది మొత్తం 200 డాలర్లు దాటితే పేరు, ఉద్యోగం ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ వెబ్‌సైట్‌లోకి ఎక్కుతాయి. ఎవరైనా చూసుకోవచ్చు.

మరి ట్రంప్ గెలుపు కోసం ఎలాన్ మస్క్ 25 కోట్ల డాలర్లకు పైగా ఎలా పెట్టాడు? మెలిక అక్కడే ఉంది. 2010లో వచ్చిన కోర్టు తీర్పులతో సూపర్ ప్యాక్‌లు పుట్టాయి. వీటికి ఎంతైనా ఇవ్వొచ్చు. అవి అభ్యర్థి చేతికి డబ్బు ఇవ్వకూడదు, అభ్యర్థితో కలిసి ప్లాన్ వేయకూడదు, విడిగా ఖర్చు పెట్టాలి. ఈ "విడిగా" అన్న మాట వింటే నాకు నవ్వొస్తుంది. ఇంటింటి ప్రచారం విషయంలో అయితే కలిసి పనిచేసుకోవచ్చని 2024లో కమిషనే దారి ఇచ్చేసింది.

అలాగని డబ్బుంటే టికెట్ వచ్చేస్తుందా? సొంత డబ్బుకి లిమిట్ లేదు. 2020లో బ్లూమ్‌బర్గ్ 100 కోట్ల డాలర్లకు పైగా సొంత సొమ్ము పోశాడు. సూపర్ ట్యూస్‌డే రోజు గెలిచింది అమెరికన్ సమోవా ఒక్కటే! మర్నాడే పోటీ నుంచి తప్పుకున్నాడు.

ఇప్పుడు మావాడి సంగతి. హెచ్‌వన్‌బీ, ఎఫ్‌వన్ వీసాల మీద ఉన్నవాళ్లు చట్టం దృష్టిలో విదేశీయులు. ఒక్క డాలర్ కూడా ఇవ్వకూడదు. వీసా ఉంటుంది, ట్యాక్స్ కడతాం కదా అంటే కుదరదు. గ్రీన్ కార్డ్ ఉంటే ఓటు లేకపోయినా చందా ఇవ్వొచ్చు. విచిత్రం కదా!

మావాడు ఊరుకోలేదు. "నా రూమ్మేట్‌కి గ్రీన్ కార్డ్ ఉంది, వాడితో కట్టించి ఆ డబ్బు వాడికిచ్చేస్తే?" అన్నాడు. అది ఇంకా పెద్ద తప్పు. ఒకరి డబ్బు ఇంకొకరి పేరు మీద ఇవ్వడం అమెరికన్లకే నేరం. అంత ఇష్టముంటే జీతం తీసుకోకుండా వాలంటీర్‌గా ఫోన్లు చేయొచ్చు, దానికి అడ్డు లేదు. ఫోన్లు చేయడమంటే సిగ్గన్నాడు. ఆ మెసేజ్ డిలీట్ చేశాడు.

వచ్చే వీడియోలో ఎలక్టోరల్ కాలేజీ గురించి మాట్లాడుకుందాం. ఉంటానండి.