జన్యు నియంత్రణ తప్పితే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ - సకాలంలో పరీక్షతో నివారణ సాధ్యం

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 6 లక్షల 60 వేల మంది మహిళలకు సోకగా, దాదాపు 3 లక్షల 50 వేల మంది మరణించినట్లు అంచనా. అదే సంవత్సరం మన దేశంలో కొత్త కేసులు లక్షా 27 వేలకు పైగా, మరణాలు దాదాపు 80 వేలు ఉన్నట్లు అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ లెక్కకట్టింది. అయితే, కణంలో ఈ వ్యాధి ఏ విధంగా మొదలవుతుందో గ్రహించినట్లయితే దీనిని నివారించే మార్గం కూడా స్పష్టమవుతుంది.

కార్యాలయంలో మూలప్రతి రికార్డు గదిని దాటదు. అవసరమైన పుటకు మాత్రమే అనుమతిపై నకలు ఇస్తారు. కణంలోనూ ఇదే పద్ధతి. డీఎన్ఏ మూలప్రతి కాగా, ఆర్ఎన్ఏ నకలు. ఈ నకలు తీసే ప్రక్రియనే అనులేఖనం అంటారు. ఏ జన్యువుకు ఎప్పుడు, ఎంత నకలు తీయాలో కొన్ని నియంత్రక ప్రొటీన్లు నిర్ణయిస్తాయి.

ఈ క్యాన్సర్‌కు ప్రధాన కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్. ఈ వైరస్‌లోని ఇ6, ఇ7 జన్యువుల అనులేఖనాన్ని అదే వైరస్‌కు చెందిన ఇ2 ప్రొటీన్ అదుపులో ఉంచుతుంది. చాలా కేసులలో వైరస్ డీఎన్ఏ మనిషి క్రోమోజోములో చేరినప్పుడు ఇ2 జన్యువు తెగిపోతుంది. అడ్డు తొలగడంతో ఇ6, ఇ7 నకళ్లు విచ్చలవిడిగా తయారవుతాయి.

దీని పర్యవసానం తీవ్రమైనది. దెబ్బతిన్న కణం విభజన చెందకుండా ఆపే జన్యువులను పి53 ప్రొటీన్ పనిచేయిస్తుంది. ఇ6 ఈ పి53ను నాశనం చేస్తుంది. ఇ7, ఆర్‌బీ అనే మరో కాపలా ప్రొటీన్‌ను నిర్వీర్యం చేయగా, విభజనకు తోడ్పడే జన్యువులు అదుపులేకుండా పనిచేయనారంభిస్తాయి.

అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే మహిళ కణితి నుంచి సేకరించిన హీలా కణాలు నేటికీ ప్రయోగశాలల్లో పెరుగుతూనే ఉన్నాయి. వీటిలో 18వ రకం వైరస్ జన్యువులు ఉన్నాయి. ఈ కణాలలోకి ఇ2ను తిరిగి ప్రవేశపెట్టగా ఇ6, ఇ7 అనులేఖనం అణగిపోయి, కణాల పెరుగుదల నిలిచిపోవడం విశేషం. ఈ వైరస్‌కూ క్యాన్సర్‌కూ గల సంబంధాన్ని కనుగొన్న జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది.

టీకాపై గల అపోహలను కూడా ఈ సమాచారం తొలగిస్తుంది. టీకాలో వైరస్ పైపొర ప్రొటీన్ మాత్రమే ఉంటుంది, జన్యువులు ఉండవు. కనుక టీకా వలన వైరస్ సోకే అవకాశం లేదు. అయితే, కణంలో అప్పటికే పనిచేస్తున్న ఇ6, ఇ7లను టీకా ఆపజాలదు. అందువలననే వైరస్ సోకక మునుపే, బాల్యంలోనే టీకా వేయించాలని నిపుణులు సూచిస్తున్నారు.

వైరస్ సోకిన పిమ్మట క్యాన్సర్‌గా పరిణమించడానికి సాధారణంగా 15 నుంచి 20 సంవత్సరాలు పడుతుంది. ఈ వ్యవధియే మనకు లభించే అవకాశం. జాతీయ కార్యక్రమం మార్గదర్శకాల ప్రకారం 30 సంవత్సరాలు నిండిన మహిళలకు ఐదేళ్లకొకసారి పరీక్ష జరపాలి. పలుచని ఎసిటిక్ ఆమ్లం పూసి, తెల్లబారిన భాగాలను శిక్షణ పొందిన సిబ్బంది కంటితోనే గుర్తిస్తారు. టీకా పొందినవారికి కూడా ఈ పరీక్ష అవసరమే.

లక్షణాలు కనిపించే వరకు వేచి ఉండరాదన్న విషయాన్ని గ్రామస్థాయి వరకు చేరవేయడంలో అధికారులు, పాత్రికేయుల పాత్ర ఎంతో కీలకమైనది.