అరచేతిలో ఇమిడే కుక్కయినా కాటు కాటే

కిందటేడు వానాకాలంలో ఓ బ్యాంకు ఉద్యోగి తన పదేళ్ల కూతుర్ని జ్వరమని ఓపీకి తీసుకొచ్చారు. చూస్తే మామూలు వైరల్ జ్వరమే. మందులు రాస్తుంటే పాప ముంజేతి మీద రెండు చిన్న గాట్లు కనిపించాయి. ఏమిటమ్మా ఇవి అంటే "మా చింటూగాడి పళ్లండీ" అని నవ్వింది. చింటూ అంటే వాళ్లు కొత్తగా కొన్న యార్క్‌షైర్ టెర్రియర్ పిల్ల. వయసు నాలుగు నెలలు, బరువు కిలోన్నర. రేబిస్ టీకా వేయించారా అని తండ్రిని అడిగాను. "అంత బుల్లి ప్రాణానికి అప్పుడే సూదెందుకని ఆగాం డాక్టరుగారూ. అయినా అది గడప దాటదు కదా" అన్నారాయన. ఇప్పుడెలా ఉందంటే, రెండ్రోజులుగా తిండి మానేసిందట, మూలన నక్కి కూర్చుంటోందట, చొంగ కారుస్తోందట. పళ్లొస్తున్నాయేమో అనుకున్నారట.

పాపకు ఆ రోజే టీకా, సీరం మొదలుపెట్టాం. మర్నాడు చింటూ చనిపోయింది. మాకు తెలిసేసరికే పాతిపెట్టేశారు. అది పార్వో కావచ్చు, డిస్టెంపర్ కావచ్చు, రేబిస్ కావచ్చు. తేల్చే దారి లేదు. తేలనప్పుడు రేబిస్ అనుకునే వైద్యం చేస్తాం. ఎందుకంటే ఆ జబ్బు లక్షణాలు మనిషిలో ఒకసారి బయటపడ్డాక కాపాడే మందు మా దగ్గర లేదు.

గడప దాటని పిల్లకు రేబిస్ ఎలా వస్తుందని మీరు అడగవచ్చు. క్రిమి ఒంట్లో చేరాక లక్షణాలు కనిపించడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మీ ఇంటికి రాకముందు అది ఎక్కడ పెరిగిందో, దాన్ని ఏ కుక్క కరిచిందో అమ్మినవాళ్లు చెప్పరు. అందుకే కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, ఆ తర్వాత పశువైద్యులు చెప్పిన లెక్కన ఏటా బూస్టర్ తప్పదు. కిలోన్నర పిల్లకైనా అంతే, నలభై కిలోల జర్మన్ షెపర్డ్‌కైనా అంతే.

బొమ్మ కాదు, టెర్రియర్

యార్కీ అని ముద్దుగా పిలుచుకునే ఈ జాతి 19వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండులోని యార్క్‌షైర్, లాంకషైర్ ప్రాంతాల్లో రూపుదిద్దుకుంది. పని వెతుక్కుంటూ స్కాట్లాండ్ నుంచి వచ్చిన నేత కార్మికులు తమ వెంట తెచ్చుకున్న చిన్న టెర్రియర్లే దీనికి మూలం. అప్పట్లో దీని పని బట్టల మిల్లుల్లో ఎలుకల్ని పట్టడం. దొరసానుల ఒడిలోకి చేరింది ఆ తర్వాతే. రెండో ప్రపంచ యుద్ధంలో స్మోకీ అనే యార్కీ, బరువు రెండు కిలోలైనా లేదు, ఫిలిప్పీన్స్‌లో రన్‌వే కింద 70 అడుగుల గొట్టంలోంచి టెలిఫోన్ తీగ లాక్కెళ్లింది. ఆసుపత్రుల్లో గాయపడ్డ సైనికుల మంచాల దగ్గరికీ వెళ్లేది.

ఇదంతా ఎందుకంటే, రెండున్నర, మూడు కిలోలున్న ఈ ప్రాణికి తాను చిన్నదాన్నన్న సంగతి తెలియదు. పిల్లలు దాన్ని బొమ్మలా ఎత్తి, జుట్టుకు రిబ్బన్లు కట్టి, తింటున్నప్పుడు గిన్నె లాగితే కరుస్తుంది. అది దాని తప్పు కాదు. ఐదారేళ్లలోపు పిల్లలతో దాన్ని ఒంటరిగా వదలకండి. పిల్లల చేతుల్లోంచి జారిపడి కాలు విరిగే ప్రమాదం దానికీ ఉంది.

ఎలుకల సరదా కూడా పోలేదు. ఫ్లాట్ పార్కింగులోనో, డ్రైనేజీ పక్కనో ఎలుక కనిపిస్తే ఇప్పటికీ వెంటపడుతుంది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల ద్వారా లెప్టోస్పైరోసిస్ కుక్కకు సోకుతుంది, కుక్క మూత్రం ద్వారా మనకు రావచ్చు. తీవ్రమైన జ్వరం, పిక్కల్లో నొప్పులు, ఎర్రబడ్డ కళ్లు, ముదిరితే కామెర్లు, కిడ్నీ దెబ్బతినడం. వానాకాలంలో ఇలాంటి జ్వరంతో వస్తే ఇంట్లో కుక్క ఉందని డాక్టరుకు చెప్పండి. మేము అడగడం మరిచిపోయినా సరే. కుక్కలకు ఏటా వేసే కలిపి టీకాల్లో లెప్టో కూడా ఉందో లేదో అడిగి వేయించండి. అది మూత్రం పోసిన చోట తుడిచేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి.

"జుట్టు రాలదు, ఎలర్జీ రాదు"

ఈ మాట చెప్పి యార్కీలను అమ్ముతారు. సగం నిజం. దీని బొచ్చు మన తలవెంట్రుకల్లా సన్నగా, పట్టులా పెరుగుతూనే ఉంటుంది, తక్కువ రాలుతుంది. కానీ ఎలర్జీ తెప్పించేది వెంట్రుక కాదు. కుక్క లాలాజలంలో, చర్మం పొట్టులో ఉండే ప్రొటీన్లు. అవి యార్కీలోనూ ఉంటాయి. ఇంట్లో ఆస్తమా ఉన్న పిల్లలుంటే కొనకముందు అలాంటి కుక్క ఉన్న ఇంటికి నాలుగైదు సార్లు వెళ్లి గంటో రెండు గంటలో గడిపి చూడండి. తెచ్చుకున్నాక పడక గదిలోకి, ముఖ్యంగా మంచం మీదికి రానివ్వకండి. దీన్ని పాటించే ఇల్లు నేనింతవరకూ చూడలేదు, అయినా చెప్పడం నా పని.

'టీకప్ యార్కీ' అని ఇంకా చిన్నవాటిని ఎక్కువ ధరకు అమ్ముతారు. అది వేరే జాతి కాదు. మరీ చిన్న పిల్లలకు రక్తంలో చక్కెర ఇట్టే పడిపోతుంది. పూట తిండి తప్పితే చాలు, తూలుతుంది, వణుకుతుంది, స్పృహ తప్పుతుంది. అందుకే చిన్నప్పుడు రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెం పెట్టాలి. తూలుతుంటే చిగుళ్లకు తేనె గానీ గ్లూకోజు గానీ రాసి వెంటనే పశువైద్యుల దగ్గరికి పరుగెత్తాలి.

మన మందుల డబ్బా దానికి విషం

ఒళ్లు వెచ్చగా ఉందని పారాసిటమాల్ సగం బిళ్ల మింగించినవాళ్లు నాకు తెలుసు. లెక్క చూడండి. 60 కిలోల మనిషి 650 మిల్లీగ్రాముల బిళ్ల వేసుకుంటే కిలోకు 11 మిల్లీగ్రాములు పడుతుంది. రెండున్నర కిలోల కుక్కకు అందులో సగం వేసినా కిలోకు 130. దాని కాలేయాన్ని దెబ్బతీయడానికి అది చాలు. ఐబుప్రొఫెన్ ఇంకా ప్రమాదం. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పాడవుతాయి. తాతగారి బీపీ, షుగరు బిళ్లలు కింద పడితే వెతికి తీసేయండి.

తిండి విషయంలోనూ ఇంతే. చాక్లెట్, ద్రాక్ష, పాయసంలోని కిస్మిస్, ఉల్లి, వెల్లుల్లి పెట్టకూడదు. మన సాంబారులోనూ కూరల్లోనూ ఉల్లి లేనిదేది? షుగరు ఉన్నవాళ్ల ఇళ్లలో మరో సంగతి. కొన్ని షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ముల్లో, బిళ్లల్లో జైలిటాల్ ఉంటుంది. మనకేమీ కాదు గానీ కుక్కలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది. మన టూత్‌పేస్టు కూడా వద్దు. యార్కీలకు పళ్ల జబ్బులు ఎక్కువ కాబట్టి తోమాలి, కుక్కల పేస్టుతోనే.

మెడ పట్టీకి బదులు ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ వాడండి. వీటి శ్వాసనాళం బలహీనం. మెడ లాగితే అణిగిపోయి బాతు అరిచినట్టు దగ్గుతాయి. ఎండాకాలంలో బొచ్చు పొట్టిగా కత్తిరించండి, నడక తెల్లవారుజామునే.

కరిస్తే, గీరితే

ముందు కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసుకోండి, రెండు నిమిషాలకే పావుగంట అయినట్టుంటుంది. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏవీ రాయవద్దు. కట్టు కట్టవద్దు. అదే రోజు ఆసుపత్రికి రండి. ప్రభుత్వాసుపత్రిలో టీకా ఉచితం. చర్మంలోకి వేసే పద్ధతిలో నాలుగుసార్లు, 0, 3, 7, 28 రోజుల్లో వస్తే సరిపోతుంది. రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు గాయంలోకి, దాని చుట్టూ సీరం కూడా వేయాలి. గర్భిణులూ, పసిపిల్లలూ ఎవరైనా వేయించుకోవచ్చు.

పది రోజులు కుక్కను గమనిస్తాం అన్న మాట మీరు వినే ఉంటారు. చాలామంది దాన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటారు. పది రోజులు చూసి తర్వాత టీకాకు వద్దామని కాదు. టీకా మొదటి రోజే మొదలుపెట్టి, పక్కనే కుక్కను గమనించాలి. పదో రోజుకూ అది ఆరోగ్యంగా ఉంటే చివరి డోసు సంగతి డాక్టరు చెబుతారు.

చింటూ ఇంట్లో పాపకొక్కదానికే ప్రమాదమని ముందు అనుకున్నారు. మరి ఇంకెవరిని గీరింది, ఎవరి గాయం నాకిందని ఒక్కొక్కరినీ అడిగితే తమ్ముడి మోకాలి మీద గీత బయటపడింది. చివర్లో నాయనమ్మ, నన్నడగలేదేం అన్నట్టు, బొటనవేలు చూపించింది. కూరగాయలు తరుగుతుంటే తెగిందట. రోజూ పెరుగన్నం చేత్తో తినిపించేది, అది వేలు నాకేది. తెగిన చర్మం మీద నాలుక తగలడం కాటుతో సమానం. ఆమెకూ సీరం వేశాం. ముగ్గురూ బాగున్నారు.

ఇరవై ఎనిమిదో రోజున నాయనమ్మ ఒక్కతే ఆటోలో వచ్చింది. సూది అయ్యాక లేవలేదు. "మళ్లీ ఒకదాన్ని తెచ్చుకోవచ్చా నాయనా, ఇల్లు బోసిగా ఉంది" అని అడిగింది. చింటూది పార్వో అయ్యుంటే ఆ క్రిమి ఇంట్లో నెలల తరబడి ఉంటుందని చెప్పాను. నేలంతా బ్లీచింగ్‌తో కడిగించమన్నాను, పశువైద్యులు సరేనన్నాకే తెమ్మన్నాను. టీకా కార్డు లేని పిల్లను మాత్రం ఎంత ముద్దొచ్చినా కొనవద్దన్నాను.